సపాట్ రోడ్డు మీద కిలో బరువు

సోలాపూర్,
గురువారం ఉదయం.

చిరంజీవి ఋతుజకు మీ నాయిన అంబాదాస్ దీవించి రాయునది.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, చెల్లె మయూరీ, కార్ఖానాలో నేను నడిపే రెండు మగ్గాలూ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ ఎడమ మోకాలూ క్షేమమని తలుస్తాను. మోకాలి సంగతి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. రాయలేదంటే బాగున్నట్టే అని మీ అమ్మ అంటోంది. రాయలేదంటేనే అనుమానించాలని నేనంటున్నాను. ఈసారి దానికీ ఒక వాక్యం కేటాయించు.

నీ ఉత్తరం సోమవారం అందింది. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు కోపమే. మీ హాస్టల్లో ఆదివారం పది నిమిషాలే ఫోన్ ఇస్తారు, అదీ వార్డెన్ మేడం పక్కన నిలబడి ఉండగా. నేను చెప్పవలసింది ఆ పది నిమిషాల్లో పట్టదు, ఆమె ముందర చెప్పేదీ కాదు. అందుకే ఇవాళ కార్ఖానాకు గంట ఆలస్యంగా వస్తానని చెప్పి కూర్చొని రాస్తున్నాను. దీన్ని స్పీడ్ పోస్ట్‌లో వేస్తాను.

ముందుగా ఒక్క మాట. సైకిల్ దుకాణం మంగేశ్ మోసం చేశాడని ఫిర్యాదు కాగితం రాశాననీ, ఇరవై అయిదో తేదీన మీ కోచ్ సర్‌తో సంతకం పెట్టించి పంపుతాననీ రాశావు. వచ్చే నెల సైకిల్ రేసు ట్రయల్‌కు ఈ బండి మీద పోయేది లేదు, అవసరమైతే అంతా వదిలేసి ఇంటికి వచ్చేస్తానని కూడా రాశావు. బిడ్డా, ఈ ఉత్తరం ఆఖరి అక్షరం దాకా చదివే వరకు ఆ కాగితాన్ని పెట్టెలోంచి తీయకు. మీ నాయినకు ఏ సంగతీ గబుక్కున చెప్పడం రాదని నీకు తెలుసు. ఓపిక పట్టు.

నువ్వడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. పల్లీల శేంగా చట్నీ, కడక్ జొన్న భాకరీ శనివారం బస్సు పార్సిల్‌లో వస్తాయి. మిరపపొడి తగ్గించమన్నావు. మీ అమ్మ తగ్గించానంటోంది. నేను రుచి చూశాను, తగ్గలేదు. మయూరి పరీక్షలు బాగానే రాస్తోందట. నీ మంచం నిండా పుస్తకాలు పరిచింది. నువ్వు వస్తే తీస్తానంటోంది గానీ నాకు నమ్మకం లేదు. మీ అమ్మకు కళ్లద్దాలు వచ్చాయి. పెట్టుకున్న మొదటి రోజు బీడీ చుట్టబోతే చెయ్యి తడబడిందట. ముప్పై ఏళ్లుగా చూడకుండా చుట్టిన వేళ్లు, ఎవరో చూస్తున్నట్టు సిగ్గుపడ్డాయని ఒకటే నవ్వు. ఇప్పుడు అద్దాలు నెత్తిమీదికి తోసుకొని చుడుతోంది. అవి పెట్టుకునేది మయూరి మార్కుల కాగితం చూడటానికి మాత్రమే.

ఇక అసలు ప్రశ్న. కంపెనీ పుస్తకంలో తొమ్మిదిన్నర కిలోలని రాసి ఉన్న నీ సైకిల్, మీ హాస్టల్ కాటా మీద పది కిలోల ఏడు వందలు తూగింది. మంగేశ్ మంచి సామాన్లు పీకేసి బరువైనవి బిగించాడని నువ్వు తేల్చేశావు. జనవరి ట్రయల్‌లో ముగ్గురిని తీసుకుంటే నువ్వు నాలుగోదానివి, మూడో పిల్లకూ నీకూ నాలుగు సెకన్ల తేడా. ఆ నాలుగు సెకన్లు మంగేశ్ తిన్నాడన్నావు. మీ సర్ మాత్రం ఎత్తుపల్లాలు లేని సపాట్ రోడ్డు మీద కిలో బరువు లెక్కలోకి రాదన్నాడట. "ఆయన నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నాడా, నిజంగానే అంటున్నాడా? నువ్వు మెషీన్లతో బతికే మనిషివి, నువ్వు చెప్పు నాయినా" అని అడిగావు.

నువ్వు నన్ను ఒక ప్రశ్న అడిగి ఎన్నేళ్లయిందో! తొమ్మిదో తరగతి తర్వాత నీ ప్రశ్నలకు నా దగ్గర జవాబులు అయిపోయాయి. అందుకే ఈ ఒక్కదానికి సరైన జవాబు చెప్పాలని పట్టుబట్టాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత.

సోమవారం సాయంత్రమే సిద్ధరాములు మామ దగ్గరికి పోయాను. నీకు తాత వరస. కార్ఖానాల నుంచి దుకాణాలకు చద్దర్ల మూటలు సైకిల్ మీద చేరవేయడం నలభై ఏళ్లుగా ఆయన పని. ఆ నల్ల సైకిల్‌ను నువ్వు చిన్నప్పుడు ఎత్తబోయి కింద పడ్డావు కూడా. దాని మీద తన ఒంటికన్నా ఎక్కువ బరువు వేసుకొని, అరవై ఎనిమిదేళ్ల మనిషి, బీడీ పీలుస్తూ పోతాడు. నీ ఉత్తరంలోని ప్రశ్న చదివి వినిపించాను.

"గిదేం సవాల్ర అంబాదాసూ!" అని నవ్వాడు. "కదిలేదాకనే బరువు నీది. కదిలినంక రోడ్డు మోస్తది. బ్రేక్ ఏస్తివా, మళ్ల నీ నెత్తికే."

"ఖరేచ్, నిజంగనే అంటున్నవా మామా, ఊకె అంటున్నవా?"

"అశోక్ చౌక్ల నేను కాలు కింద పెట్టంగ ఎన్నడన్న చూసినవా?"

ఆలోచిస్తే నిజమే, చూడలేదు. సిగ్నల్ ఎర్రగా ఉంటే ఆయన దూరం నుంచే తొక్కడం ఆపేస్తాడు. బండి తనంతట తాను దొర్లుకుంటూ చౌక్ చేరేసరికి పచ్చ దీపం పడుతుంది. ఆటోవాళ్లు వెనక నుంచి ఎంత హారన్ కొట్టినా ఆయనకు పట్టదు. ఆ మనిషి మెల్లగా పోవడం ముసలితనం వల్ల అనుకున్నాను ఇన్నాళ్లూ. అది లెక్క అని, మూట బరువును ఒక్కసారి కదిలించాక ఇల్లు చేరేదాకా పారేసుకోకూడదనే లెక్క అని మొన్ననే తెలిసింది. రోజూ నా కళ్ల ముందే పోయే మనిషి!

అయినా మాట మీద నమ్మడం నీకు అలవాటు లేదు. చూసి రాయాలనుకున్నాను. బుధవారం కార్ఖానాకు సెలవు. పొద్దున్నే గాలి లేవకముందు మేమిద్దరం హోట్గి రోడ్‌కు పోయాం. అక్కడ పక్కన కొత్తగా ప్లాట్లు వేశారు, ఇళ్లు ఇంకా లేవలేదు. రోడ్డు మాత్రం గీత గీసినట్టు ఉంది, వెంట కరెంటు స్తంభాలు. సపాట్‌గా ఉందో లేదో చూద్దామని సిద్ధరాములు మామ సీసాలో నీళ్లు రోడ్డు మీద పోశాడు. నీళ్లు ఏ వైపుకూ జారకుండా భాకరీలాగా గుండ్రంగా పరుచుకున్నాయి. "బరాబర్ ఉన్నది" అన్నాడు.

బండి ఆయనదే. తొక్కింది నేను. వేగం కొలిచే మెషీన్ మా దగ్గర లేదు. కానీ నా మగ్గం చప్పుడు ముప్పై ఏళ్లుగా నా ఒంట్లో ఉంది. సెలవు రోజు కూడా అది ఆగదు, మీ అమ్మ అన్నం వడ్డిస్తుంటే నా వేళ్లు పళ్లెం మీద అదే కొడుతుంటాయి. మగ్గం రెండు దెబ్బలకు పెడల్ ఒక చుట్టు. గేర్లు లేని బండి కాబట్టి ఆ తాళం కుదిరిందంటే ప్రతిసారీ వేగం ఒక్కటే. సుద్దముక్కతో గీసిన గీత దగ్గరికి ఆ తాళంలో చేరడం, అక్కడ తొక్కడం ఆపేయడం, బండి ఎంత దూరం దొర్లిపోతుందో చూడడం. ఇదీ మా పరీక్ష.

మొదట ఉత్త బండి. ఆరు చుట్లకే తాళం కుదిరింది. గీత దగ్గర కాళ్లు ఆపాను. నాలుగో స్తంభం దాటి మూడడుగుల దూరంలో ఆగింది. ఇంకో రెండుసార్లు చేశాం, అడుగు అటూ ఇటూ అంతే.

తర్వాత వెనక క్యారియర్ మీద ఇరవై చద్దర్లు, నా వీపు చాటునే ఉండేట్టు పొందికగా కట్టాడు మామ. ముప్పై కిలోలు. ఈసారి తాళం కుదరడానికి తొమ్మిది చుట్లు పట్టింది. తొడలు భగ్గుమన్నాయి. గీత దగ్గర కాళ్లు ఆపాను. బండి ముందుకు దొర్లిపోయింది. రెండో స్తంభం, మూడో స్తంభం. నాలుగోది వస్తోంది, ఇక ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. ఇంతకుముందు ఆగిన గుర్తు కూడా దాటింది. దాటి ఇంకా పోతూనే ఉంది ఋతుజా! ఆగాక వెనక్కి తిరిగి చూస్తే సిద్ధరాములు మామ నడుచుకుంటూ, అడుగులు లెక్కబెట్టుకుంటూ వస్తున్నాడు. ముందటి గుర్తుకన్నా పదమూడు అడుగులు ఎక్కువ.

నేను నమ్మలేదు. మళ్లీ చేశాం. మళ్లీ అదే. మూడోసారీ అదే. ముప్పై కిలోల బరువు నన్ను ఆపాల్సింది పోయి ముందుకు తీసుకుపోయింది. మొదట్లో నా తొడల నుంచి ఎంత తీసుకుందో అంతా లోపల దాచుకొని, నేను కాళ్లు ఆపాక మెల్లమెల్లగా తిరిగి ఇచ్చింది. ఇన్నేళ్లూ బరువు అంటే శత్రువనుకున్నాను. యాభై రెండేళ్ల వయసులో, నడిరోడ్డు మీద, చద్దర్ల మూట ముందర నోరు తెరుచుకొని నిలబడ్డాను. చిన్నప్పుడు మా నాయిన మొదటిసారి బొమ్మలు నేసే జకాట్ మగ్గం నడిపినప్పుడు, దారాల్లోంచి నెమలి బయటికి రావడం చూసి ఇలాగే నిలబడ్డాను. మళ్లీ ఇన్నాళ్లకు.

"మరి నన్ను ఆపుతున్నది ఏంది మామా?" అని అడిగాను.

ఆయన మూటలోంచి ఒక చద్దర్ లాగి, విప్పి, నా మెడకు రెండు కొసలు ముడేసి, మిగతా మూట దించేశాడు. "ఇగ పో" అన్నాడు. ఒక్క చద్దర్, కిలోన్నర ఉంటుంది. అది గాలికి ఇంతెత్తున లేచి పటపటా కొట్టుకుంటుంటే తాళం కుదరడమే కష్టమైంది. గీత దగ్గర కాళ్లు ఆపితే మూడో స్తంభం దాటాక ప్రాణం పోయినట్టు ఆగిపోయింది. గాలి లేని పొద్దున! మనం నడుస్తుంటే పక్కకు తప్పుకునే గాలి, వేగం పెరిగేసరికి గోడలాగా అడ్డం నిలబడుతుంది. కంటికి కనబడదు, కాటాకు అందదు. అటువైపు పోయే పాలవాడు మమ్మల్ని చూసి పిచ్చివాళ్లనుకొని ఉంటాడు. చద్దర్ కప్పుకున్న ఒకడు సైకిల్ మీద, సుద్దముక్కతో ఇంకొకడు రోడ్డు మీద కూర్చొని.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు. మీ సర్ నిన్ను ఊరుకోబెట్టడానికి అనలేదు. సపాట్ రోడ్డు మీద, ఒక్క తాళంలో పోతున్నంతసేపూ కిలో బరువు దాదాపు లెక్కలోకి రాదు. గాలి లెక్కలోకి వస్తుంది. తల దించి, మోచేతులు దగ్గరకు పెట్టుకొమ్మని ఆయన అరుస్తుంటే నీకు కోపం వస్తుందని రాశావు. అరవనీ. ఆయన చెప్పేది నిజం, నేను మెడకు చద్దర్ కట్టుకొని మరీ చూశాను.

కానీ పూర్తి జవాబు అది కాదు. సిద్ధరాములు మామ చెప్పిన మూడో మాట ఉంది. బ్రేక్ వేస్తే మళ్లీ నీ నెత్తికే. మీ ట్రయల్ పది కిలోమీటర్లు పోయి, ఒక డ్రమ్ము చుట్టూ తిరిగి, పది కిలోమీటర్లు రావడం. డ్రమ్ము దగ్గర నువ్వు బ్రేక్ వేశావు. దాచుకున్నదంతా అక్కడ పారబోశావు. మళ్లీ సున్నా నుంచి ఎత్తుకున్నావు. అంటే ఆ కిలో చిల్లరను నువ్వు రెండుసార్లు ఎత్తావు, బయలుదేరేటప్పుడు ఒకసారి, డ్రమ్ము దగ్గర ఒకసారి. దానికి ఒక సెకను పట్టిందా, రెండు పట్టాయా, నా దగ్గర లెక్క లేదు. నాలుగు సెకన్లు పట్టి ఉండవని నా మనసు అంటోంది. నా మనసు అలాగే అంటుంది మరి, దానికి తన స్వార్థం ఉంది.

ఇప్పుడు చెబుతాను. ఆ కిలో రెండు వందల గ్రాములు మంగేశ్ పెట్టలేదు. నేను పెట్టాను.

నీ సైకిల్ వచ్చిన రోజు గుర్తుందా? గీతలు పడతాయని మంగేశ్ పుణె నుంచి బస్సులో ముందు చక్రాన్ని ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. ఇంటి ముందు బిగించి, "కాకా, ఎత్తి చూడు" అన్నాడు. ఎత్తాను. రెండు వేళ్లకు లేచింది. వాడకట్టంతా చప్పట్లు కొట్టింది, నువ్వు గంతులేశావు. నాకు మాత్రం భయమేసింది. మన చద్దర్ కొనేవాడు ముందు విప్పి రంగు చూడడు, చేతి మీద వేసుకొని బరువు చూస్తాడు. తేలిగ్గా ఉంటే పోగులు ఎగ్గొట్టారని అర్థం. పుట్టినప్పటి నుంచి నేను నేర్చుకున్నది అదొక్కటే. తేలికది దగా, బరువైనది నమ్మకం. దాని పైన నువ్వొకరోజు ప్రాక్టీసు నుంచి వచ్చి, పక్క నుంచి ట్రక్కు పోతే ఆ గాలికి బండి వణికిందని నవ్వుతూ చెప్పావు. నువ్వు నవ్వావు. నాకు ఆ రోజు నుంచి ప్రతి ట్రక్కూ నిన్ను విసిరేస్తున్నట్టే కనబడింది.

దసరాల్లో ఖండే నవమి నాడు మగ్గాలకూ, మీ అమ్మ కత్తెరకూ పూజ చేసి, నీ సైకిల్‌కూ బంతిపూల దండ వేశాం. తర్వాత మీరు ముగ్గురూ గుడికి పోయారు. నేను అటక మీది నుంచి మీ తాత జకాట్ మగ్గం సామాన్ల డబ్బా దించాను. జకాట్‌లో దారాలు డిజైన్ కోసం పైకి లేస్తాయి. లేచినవి మళ్లీ కిందికి రావాలి కదా, అందుకు ఒక్కో దారం కింద జానెడుకు పైగా పొడవుండే సన్నటి ఇనుప పుల్ల వేలాడుతుంది. అది లేకపోతే దారం గాలిలోనే ఉండిపోతుంది. ఆ పుల్లలు కొన్ని తీసి, చద్దర్ ముక్కలో గట్టిగా చుట్టి, పసుపు కుంకుమ పెట్టి, నీ సీటు పైకి లాగి ఆ గొట్టంలోకి దింపాను. చప్పుడు రాకుండా చుట్టూ గుడ్డ కుక్కాను. మా నాయిన దారాలను పట్టి ఉంచినట్టే నా బిడ్డను రోడ్డు మీద పట్టి ఉంచమని దండం పెట్టుకున్నాను. కార్ఖానా కాటా మీద తూచి మరీ పెట్టాను, ఎంతో కొంత కాదు.

మీ హాస్టల్ కాటా నన్ను పట్టిస్తుందని నాకు తట్టలేదు. నువ్వు నాలుగో స్థానంలో వచ్చినప్పుడు కూడా తట్టలేదు చూడు, అది ఇంకా పెద్ద తప్పు. గీత దగ్గర నిలబడి నీ ముఖం చూశాను గానీ నా పుల్లలు గుర్తుకు రాలేదు. సోమవారం నీ ఉత్తరంలో పది కిలోల ఏడు వందలు అన్న అంకె చదివేసరికి చేతిలోని కాగితం మంచం మీద పెట్టి, గోడకు ఆనుకొని కూర్చుండిపోయాను.

ఇప్పుడు మంగేశ్ సంగతి విను. పోయిన ఆదివారం మీ హాస్టల్ వాళ్లు ఇచ్చిన పది నిమిషాలూ నువ్వు అతనికి ఫోన్ చేసి తిట్టడానికి వాడావని వాడకట్టులో విన్నాను. ఇక్కడ మేము ముగ్గురం ఫోన్ ముందర కూర్చొని ఎదురుచూశాం. నిన్న హోట్గి రోడ్ నుంచి తిరిగి వచ్చి, ఇంటికి కూడా పోకుండా అతని దుకాణానికి పోయాను. గిరాకులు వెళ్లేదాకా నిలబడి, జరిగింది చెప్పాను. అతను పంక్చర్ అతికిస్తూనే విన్నాడు. తల ఎత్తలేదు.

"నాకెరుకనే కాకా," అన్నాడు. "డిసెంబర్ల సర్వీసుకు తెచ్చినప్పుడే ఎత్తితె ఎరుకైంది. సీటు గుంజి చూసిన. పసుపు కుంకుమ కనబడ్డది. దేవుని మొక్కు అనుకున్న. మీ ఇంటి దేవుని దాన్ని నేనెట్ల ముట్టాలె? మళ్ల అట్లనే పెట్టిన."

"మరి ఋతుజ ఫోన్ చేసి తిడితే అప్పుడన్న చెప్పొద్దా?"

"మూడు సార్లు చెప్పబోయిన. నోట్లకెల్లి రాలే." పంపు పక్కన పెట్టి అప్పుడు నా ముఖం చూశాడు. "సైకిల్ దుకాణపోడు చోర్ అనుకుంటె పిల్లకు పోయేదేంది కాకా? వచ్చే నెల ట్రయల్ ఉన్నది. మా నాయిననే చేసిండని ఎరుకైతె పెడల్ మీద కాలు ఎట్ల పడ్తది? ట్రయల్ అయినంక నేనే చెప్దామనుకున్న."

"గిరాకుల ముందర తిట్టిందట గద?"

"స్పీకర్ మీద ఉండె. నలుగురు విన్నరు," అని నవ్వాడు. "తప్పయింది బేటా, చూస్త అన్న. గంతే."

ఆ మనిషి అలా అన్నాక చేతులు జోడించాను. నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, కంగారుపడి నూనె చేతులతోనే నా చేతులు పట్టుకున్నాడు. బరువు రోడ్డు మీద ఏం చేస్తుందో పొద్దున చూసి అబ్బురపడ్డాను. మధ్యాహ్నం ఈ దుకాణంలో చూసిందాని ముందు అదేమీ కాదనిపించింది. తన పేరు పోతుంటే, నా బిడ్డకు నా మీద నమ్మకం పోకూడదని నోరు మూసుకున్నాడు. మనకు చుట్టం కాదు, పక్కం కాదు.

ఇంటికి వచ్చి మీ అమ్మకూ చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు, ఆకులో తంబాకు పరుస్తూనే అడిగింది.

"పుల్లలు పెట్టక ముంగట, పిల్ల ఎన్నడన్న నీతోని అన్నదా, నాయినా నాకు భయమైతాంది అని?"

"లేదు."

"మరి భయం నీది. నీ భయం దాని బండిల ఎందుకు పెట్టినవ్?"

ఇక ఆ పూట నాతో మాట్లాడలేదు. భోజనానికి మాత్రం పిలిచింది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. సీటు కింది బోల్టు వదులు చేసి సీటు పూర్తిగా పైకి లాగు. బండిని తలకిందులుగా పట్టుకో. పచ్చటి గుడ్డ కొస కనబడుతుంది. పట్టి లాగితే అన్నీ ఒక్కసారే వస్తాయి, కాలి మీద పడనీయకు. తర్వాత మీ కాటా మీద పెట్టు. తొమ్మిదిన్నర ఉంటుంది. పుల్లలను మీ తాత గుర్తుగా దాచుకుంటావో, పార్సిల్‌లో తిప్పి పంపుతావో, మీ హాస్టల్ వెనక పారేస్తావో నీ ఇష్టం. ఏం చేశావని అడగను. ఫిర్యాదు కాగితం చించెయ్. మీ సర్‌కు నా పేరు చెప్పి జరిగింది జరిగినట్టు చెప్పు. దాచొద్దు.

జనవరిలో నువ్వు గెలిచేదానివా, నాలుగు సెకన్లూ నావేనా, అని నన్ను అడుగుతావు. నాకు తెలియదు బిడ్డా. గాలి ఎంత ఆపింది, డ్రమ్ము ఎంత ఆపింది, నేనెంత ఆపాను, ఎవరూ విడదీసి చెప్పలేరు. తెలియకుండానే బతకాలి, ఇద్దరమూ. నా తప్పు మాత్రం సెకన్ల లెక్కతో తగ్గదు. నీ బండి నీది, నిన్ను అడగకుండా అందులో చెయ్యి పెట్టాను. నన్ను క్షమించు.

ఇప్పుడే కాదు. ముందు మంగేశ్‌కు ఫోన్ చెయ్యి. ఈ ఆదివారం పది నిమిషాలూ అతనికే. స్పీకర్ మీద పెట్టమని చెప్పు, నలుగురూ దుకాణంలో ఉన్నారో లేదో అడిగి మరీ మాట్లాడు. మాకు చేయవద్దు. మేము ఎదురుచూడమని అబద్ధం చెప్పను, ముగ్గురం ఫోన్ ముందర కూర్చునే ఉంటాం. అయినా చేయవద్దు. నా వంతు ఆ తర్వాత.

నువ్వు వద్దనకపోతే వచ్చే నెల ట్రయల్‌కు వస్తాను. జనవరిలో అందరితోపాటు గెలుపు గీత దగ్గర నిలబడ్డాను. ఈసారి పది కిలోమీటర్ల అవతల, డ్రమ్ము దగ్గర నిలబడతాను. నువ్వు బ్రేక్ వేసి, తిరిగి, మళ్లీ మొదటి పెడల్ తొక్కుతావు చూడు, అక్కడ. నిన్ను పిలవను, చప్పట్లు కొట్టను. నా బరువు లేకుండా నా బిడ్డ ఎలా లేస్తుందో ఒక్కసారి కళ్లారా చూసి వస్తాను.

ఇట్లు,
నీ జవాబు కోసం కాచుకొని ఉండే
మీ నాయిన,
అంబాదాస్.